పట్టూ... విడుపూ!

రాత్రి పదకొండు దాటాక ఆసుపత్రి ముందు ఆటో ఆగుతుంది. నలుగురు కలిసి ఒక మనిషిని దించుతారు. చేనుకి కొట్టాలని తెచ్చిన పురుగుమందు తాగేశాడు. వెంట వచ్చినవాళ్లలో ఇద్దరు ఏడుస్తుంటారు, ఇద్దరు అరుస్తుంటారు. డ్యూటీలో ఉన్నది ఒక నర్సు, ఒక అటెండరు. డాక్టరుకి ఫోన్ చేయాలి, 108కి కబురు చెప్పాలి, సెలైన్ ఎక్కించాలి. సూది గుచ్చబోతే ఆ మనిషి చెయ్యి విదిలించేస్తాడు. 'గట్టిగా పట్టుకోండప్పా!' అంటుంది ఆమె. అంతే... ఒకడు ఛాతీ మీద మోకాలు పెడతాడు, ఇంకొకడు మెడ మీద మోచెయ్యి ఆనిస్తాడు. అందరిదీ మంచి ఉద్దేశమే. కానీ తాగిన మందుకంటే ముందు ఆ పట్టే ప్రాణం తీయొచ్చు!

నల్లమాడ, ముదిగుబ్బ, ఓబుళదేవరచెరువు, కదిరి... ఏ పేరు చెప్పుకున్నా ఇది ఒకే నేల. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా అంతా అనంతపురమే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. వేరుశనగ పండితే పండినట్టు, లేకపోతే అప్పు మిగిలినట్టు. ఊరికీ ఊరికీ మధ్య గుట్టలూ బీళ్లూ. అలాంటి చోట రాత్రి డ్యూటీ చేసే నర్సు, దూరం పల్లెకి నడిచెళ్లే ఆశా కార్యకర్త, సచివాలయంలో కూర్చునే కార్యదర్శి, బాకీ వసూలుకి వెళ్లే సంఘం ఉద్యోగి... వీళ్లందరి పనీ మనుషులతోనే. ఆ మనుషులకి ఒక్కోసారి కోపం వస్తుంది, ఒక్కోసారి మతి తప్పుతుంది. అప్పుడు ఏం చేయాలో మాత్రం ఏ ఉద్యోగంలోనూ చేరేటప్పుడు సరిగ్గా చెప్పరు.

ఈ విద్యకి రెండు ముఖాలున్నాయి. ఎవరైనా మనల్ని పట్టుకుంటే దెబ్బలాట లేకుండా విడిపించుకోవడం ఒకటి. ఎవరినైనా తప్పనిసరిగా మనమే పట్టుకోవాల్సి వస్తే ఎముక విరగకుండా, ఊపిరి ఆగకుండా పట్టుకోవడం రెండోది. అమెరికా, బ్రిటన్ ఆసుపత్రుల్లో ఈ రెండూ ఉద్యోగంలో భాగంగా నేర్పుతారు. మన దగ్గర కరాటే ప్రదర్శనల్లో పెంకులు పగలగొట్టడం చూసి చప్పట్లు కొట్టినంతగా వీటిని పట్టించుకోలేదు.

బొటనవేలి రహస్యం

ఎవరైనా మణికట్టు పట్టుకుంటే సహజంగా ఏం చేస్తాం? వెనక్కి లాగుతాం. అవతలివాడు బలవంతుడైతే ఆ లాగుడులో ఓడిపోయేది మనమే. అసలు కిటుకు అతని చేతిలోనే ఉంది. పట్టులో నాలుగు వేళ్లు ఒకవైపు ఉంటాయి, బొటనవేలు ఒక్కటే మరోవైపు. రెండూ కలిసేచోట సందు ఉంటుంది. మన మణికట్టు ఒకవైపు వెడల్పు, మరోవైపు సన్నం. ఆ సన్నటి అంచు సందుకి ఎదురుగా వచ్చేలా చెయ్యి తిప్పి, అతనివైపే ఒక అడుగు వేసి, మోచెయ్యి మడిచి చేతిని మన భుజంవైపు తెచ్చుకుంటే చాలు. బొటనవేలు ఒక్కటే మన చెయ్యి మొత్తాన్ని ఆపలేదు కదా! రెండు చేతులతో పట్టుకుంటే, పట్టుబడిన పిడికిలిని మన రెండో చేత్తో అందుకుని అదే సందులోంచి పైకి లాగాలి.

అతనివైపు అడుగు వేయడమే కష్టం. భయం వెనక్కి లాగుతుంది. అందుకే ఇది చదివితే వచ్చేది కాదు. ఇద్దరు స్నేహితురాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇరవైసార్లు చేసి చూడాలి.

జుట్టు పట్టుకుంటే? అతని చేతిని తోసేయాలని చూస్తే కుదుళ్లు ఊడొస్తాయి. మన రెండు చేతులూ అతని చేతి మీద వేసి తలకే అదిమి పట్టాలి. జుట్టు లాగే శక్తి అక్కడితో ఆగిపోతుంది. నొప్పి తగ్గితే బుర్ర పనిచేస్తుంది. అతను ఎటు లాగితే అటే నాలుగు అడుగులు నడుస్తూ గట్టిగా కేకెయ్యాలి. సాయం వచ్చేదాకా అదే రక్షణ. మానసిక రోగుల వార్డుల్లో పనిచేసేవాళ్లకి మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి. ఎందుకంటే అక్కడ జుట్టు పట్టుకున్న మనిషి శత్రువు కాడు, రోగి. అతని వేళ్లు విరవకూడదు!

గొంతు పట్టుకుంటే ముందు గడ్డం కిందికి దించి, భుజాలు పైకి లేపాలి. తర్వాత ఒక చెయ్యి నిటారుగా పైకెత్తి, ఒళ్లంతా పక్కకి గిర్రున తిప్పాలి. మనిషి నడుము బలం ముందు మణికట్ల బలం నిలవదు. విడిపించుకున్న మరుక్షణం ఏం చేయాలి? ఇంకేముంది... పరుగే! నిలబడి 'ఎంత ధైర్యం నీకు' అని నిలదీసే సమయం అది కాదు.

ఇవన్నీ ఎంతవరకు? చేతులు ఖాళీగా ఉన్న ఒక్క మనిషి ఎదురుగా ఉన్నంతవరకే. కత్తి కనిపించిందంటే ఏ పట్టూ పనికిరాదు. మధ్యలో బల్లో, కుర్చీయో, తలుపో ఉండేలా చూసుకుని బయటపడాలి. గుంపు అయినా అంతే. 2019 జూన్ 30న తెలంగాణలోని కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన అటవీ రేంజ్ అధికారి అనిత ట్రాక్టరు మీద నిలబడి ఉండగా కర్రలతో కొట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. అక్కడ ఆమెకి ఏ విద్య వచ్చి ఉన్నా ఏం లాభం? అలాంటి చోటికి తగినంతమంది పోలీసుల్ని పంపాల్సిన బాధ్యత పంపినవాళ్లది. ఉద్యోగికి నాలుగు పట్లు నేర్పేసి 'ఇక నీ జాగ్రత్త నీదే' అనడం కుదరదు.

తాడు కట్టిన తహసీల్దారు

2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టాడు ఒక అర్జీదారు. కాపాడబోయిన డ్రైవరూ ప్రాణం పోగొట్టుకున్నాడు. రెండు రాష్ట్రాల రెవెన్యూ కార్యాలయాలూ వణికిపోయాయి. ఆ వారంలోనే కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు తన బల్లకీ అర్జీదారులకీ మధ్య అడ్డంగా తాడు కట్టించుకున్నారు. చాలామంది నవ్వారు. నిజానికి నవ్వాల్సిన పనేం లేదు. ఆమెకి ఎవరూ నేర్పకపోయినా ఈ విద్యలో మొదటి పాఠం ఆ తాడులోనే ఉంది. అదే దూరం!

ఎదుటి మనిషి చెయ్యి చాచినా అందనంత దూరం, అంటే రెండు బారల చేతుల దూరం ఉంటే ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం దొరుకుతుంది. ఎదురెదురుగా ఛాతీ పెట్టి నిలబడితే సవాలు చేసినట్టుంటుంది, కాస్త ఏటవాలుగా నిలబడాలి. చేతులు కట్టుకోకూడదు, జేబులో పెట్టుకోకూడదు. అరచేతులు కనిపించేలా గుండెల ఎత్తులో ఉంచాలి. చూసేవాళ్లకి 'నెమ్మదించప్పా' అన్నట్టు ఉంటుంది, అవసరమైతే అడ్డుపెట్టుకోవడానికీ పనికొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం తలుపు. గదిలో మన కుర్చీ తలుపుకి దగ్గరుండాలి. వచ్చినవాడికీ దారి ఉండాలి, మనకీ ఉండాలి. దారి మూసుకుపోయిన పిల్లి కూడా పులవుతుందంటారు కదా. మన కార్యాలయాల్లో మాత్రం అధికారి బల్ల ఎప్పుడూ గది చివర, గోడకి ఆనుకునే ఉంటుంది. హోదా అలా చూపించాలని ఎవరు నిర్ణయించారో ఏమో!

మెడలో వేలాడేవి ఏవైనా పట్టుకి అనుకూలమే. స్టెతస్కోపు, గుర్తింపు కార్డు తాడు, చున్నీ... విదేశాల్లో గుర్తింపు కార్డుల తాళ్లకి మెడ వెనక లాగితే ఊడిపోయే క్లిప్పు పెడతారు. పదిరూపాయల ఖర్చుతో అయ్యే పని. చున్నీకి పిన్నులు పెట్టుకునేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి, అవసరమైతే వదిలేయగలగాలి.

ఊపిరి తీసే మంచితనం

మళ్లీ ఆసుపత్రికి వద్దాం. ఎందుకంటే పట్టుకోవాల్సిన అవసరం అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది అక్కడే.

పురుగుమందు తాగినవాళ్లకి ఇచ్చే విరుగుడు అట్రోపిన్. ఊపిరితిత్తుల్లో ఊరే ద్రవాలు తగ్గేదాకా మళ్లీ మళ్లీ ఇస్తారు. అది కాస్త ఎక్కువైతే నోరు ఎండుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, ఒళ్లు కాలుతుంది, మతి చెదురుతుంది. రోగి గాల్లో ఏదో ఏరుకుంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు, ముక్కులోని గొట్టం పీకేస్తాడు. 'మావాడికి దయ్యం పట్టింది' అని బంధువులు బెదిరిపోతారు. ఇంకో రకం ఉంది. రోజూ తాగే అలవాటున్న మనిషి కాలు విరిగో, పాము కరిచో చేరతాడు. మొదటి రెండు రోజులు బుద్ధిగా ఉంటాడు. మూడో రాత్రి వణుకు మొదలై, గోడ మీద పురుగులు కనిపిస్తున్నాయని లేచి పరిగెడతాడు. మందు ఒక్కసారిగా మానడం వల్ల వచ్చే ప్రమాదకరమైన స్థితి అది. రక్తంలో చక్కెర పడిపోయినవాళ్లూ తాగినవాళ్లలాగే తిరగబడతారు. తలకి దెబ్బ తగిలినవాళ్లూ అంతే. వీళ్లెవరూ కావాలని చేయట్లేదు. పట్టుకునే ముందు వేలి చివర రక్తపు చుక్క తీసి చక్కెర చూస్తే కొన్నిసార్లు పట్టే అవసరమే రాదు. గ్లూకోజు ఎక్కిస్తే ఐదు నిమిషాల్లో 'నేనెక్కడున్నా' అని అడుగుతారు.

మూర్ఛ వచ్చినవాళ్లని మాత్రం అసలు పట్టుకోకూడదు. మన ఊళ్లలో జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. నలుగురు కాళ్లూ చేతులూ అదిమిపెట్టి, చేతిలో తాళంచెవులు పెడతారు. కొట్టుకునే కండరాన్ని బలవంతంగా ఆపితే కీళ్లు తప్పుతాయి. చుట్టూ రాళ్లూ రప్పలూ తీసేసి, తల కింద మెత్తటిదేదైనా పెట్టి, కుదుపు ఆగాక పక్కకి ఒత్తిగిలపెడితే చాలు.

పట్టుకోక తప్పనప్పుడు లెక్క ఇదీ: మనిషికి నాలుగు అవయవాలు, ఒక తల. కాబట్టి ఐదుగురు. తల దగ్గర ఉన్నవాళ్లే నాయకులు. వాళ్లొక్కరే మాట్లాడాలి. మిగతా నలుగురూ చెరొక చెయ్యి, చెరొక కాలు. పట్టు కీలు మీద పడకూడదు, కీలుకి కాస్త పైన ఉండాలి. మోచేతికి పైన, మోకాలికి పైన. మెలితిప్పడం లేదు, వంచడం లేదు. రోగి వెల్లకిలా ఉండాలి, తలవైపు కాస్త ఎత్తుగా ఉండాలి. మందు తాగినవాళ్లకి వాంతి అవుతుంది కనుక పక్కకి తిప్పి పట్టుకోవాలి. ఛాతీ మీద, పొట్ట మీద, మెడ మీద, వీపు మీద ఎవరి బరువూ పడకూడదు. బోర్లా అదిమి పట్టడం అన్నిటికంటే ప్రమాదం.

ఎందుకంత ప్రమాదం? ఊపిరి పీల్చాలంటే పక్కటెముకలు లేవాలి, పొట్ట కదలాలి. బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు పెడితే రెండూ ఆగిపోతాయి. ఊపిరాడక ఆ మనిషి ఇంకా గింజుకుంటాడు. పట్టుకున్నవాళ్లకి అది ఎదురుతిరగడంలా కనిపిస్తుంది. ఇంకా గట్టిగా అదుముతారు. కాసేపటికి కదలిక ఆగిపోతుంది. 'హమ్మయ్య, నెమ్మదించాడు' అనుకుంటారు. నిజానికి అప్పటికే... 'మాట్లాడుతున్నాడుగా, ఊపిరి ఆడకపోతే మాటెలా వస్తుంది' అనే వాదన కూడా తప్పే. రెండు ముక్కలు పలకడానికి సరిపడే గాలి, బతకడానికి సరిపోదు.

2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద ఒక పోలీసు మోకాలు 9 నిమిషాల 29 సెకన్లు ఉంది. ప్రపంచమంతా చూసిన పట్టు అది. అంతకు చాలాముందే, 1998 అక్టోబరులో ఇంగ్లండులోని నార్విచ్‌లో డేవిడ్ బెనెట్ అనే మానసిక రోగి సిబ్బంది బోర్లా అదిమి పట్టుకోవడంతో చనిపోయాడు. దాదాపు 25 నిమిషాలు పట్టుకున్నారు. విచారణ జరిపినవాళ్లు బోర్లా పట్టుకోవడం మూడు నిమిషాలు మించకూడదని సూచించారు. 2010లో లండన్‌లో ఒలసెని లూయిస్ అనే యువకుడు మానసిక ఆసుపత్రిలో పోలీసుల పట్టు తర్వాత మరణించాడు. అతని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడితే 2018లో బ్రిటన్ ఒక చట్టమే చేసింది. మానసిక ఆసుపత్రిలో రోగి మీద బలం వాడితే లెక్క రాయాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. ఆ చట్టాన్ని అందరూ సెని చట్టం అనే పిలుస్తారు.

పలుపుతాడు పనికిరాదు

మన దగ్గర మానసిక రోగుల్ని పట్టుకోవడమంటే సంకెళ్లే గుర్తొస్తాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఎర్వాడిలో పాక కాలిపోతే 28 మంది తప్పించుకోలేకపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు మరి! సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసు చేపట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసుని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. చికిత్స కేంద్రాల్లో రోగిని కట్టాలంటే తక్షణ ప్రమాదం ఆపడానికి వేరే దారి లేకపోవాలి, బాధ్యతలో ఉన్న మానసిక వైద్యుడు అనుమతించాలి, అవసరానికి మించి ఒక్క నిమిషం ఉంచకూడదు. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది చాలట్లేదని కట్టకూడదు. రోగి తరఫు మనిషికి 24 గంటల్లో చెప్పాలి. ఆ 'సిబ్బంది చాలట్లేదని' అన్న మాట రాసినవాళ్లకి మన వార్డులు బాగా తెలిసే ఉండాలి!

చక్కగా రాసిన చట్టమే. కానీ ఈ ప్రాంతంవాళ్లు మానసిక వైద్యానికి బెంగళూరు నిమ్హాన్స్ దాకా వెళ్తుంటారు. అంత దూరం రైల్లోనో, జీపులోనో తీసుకెళ్లేటప్పుడు ఏం చేస్తారు? ఇంట్లో ఉన్న తాడే కడతారు. పలుపుతాడు పశువు గుంజేకొద్దీ బిగుసుకునేలా వేస్తారు కదా, మనిషికీ ఆ ముడే వేస్తారు. రాత్రంతా అలా ఉంటే చెయ్యి నల్లబడుతుంది. నరాలు దెబ్బతింటే వేళ్లు మళ్లీ పనిచేయవు. తప్పనిసరైతే నాలుగు వేళ్ల వెడల్పుండే మెత్తటి గుడ్డ వాడాలి. గుడ్డకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఒక్క లాగుతో ఊడిపోయే ముడి వేయాలి, ఆ ముడి రోగికి అందకూడదు. మంచానికి కడితే పైకీ కిందికీ కదిలే పక్క కమ్మీకి కట్టకూడదు, కదలని చట్రానికే కట్టాలి. పావుగంటకోసారి వేళ్ల రంగు, వెచ్చదనం, ఊపిరి చూడాలి. దాహం వేస్తోందా, మూత్రం వస్తోందా అని అడగాలి. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు.

ఇవేవీ పెద్ద ఖర్చుతో అయ్యేవి కావు. పాత చీర చింపితే కట్లు తయారు. కావాల్సింది ఒక మధ్యాహ్నం కూర్చుని నేర్చుకోవడం.

నాలుగడుగుల పదకొండంగుళాల టీచరు

బలహీనులు బలవంతుల పట్టు నుంచి బయటపడే విద్యకి మంచి చరిత్రే ఉంది. వందేళ్ల కిందట లండన్‌లో ఓటుహక్కు కోసం పోరాడే మహిళల్ని పోలీసులు ఈడ్చుకెళ్తుంటే, ఎడిత్ గరుడ్ అనే ఆవిడ వాళ్లకి జపాను జుజుత్సు నేర్పింది. ఆమె ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు! 1913లో ఉద్యమ నాయకురాలు ఎమలీన్ పాంక్‌హర్స్ట్ చుట్టూ నిలిచిన అంగరక్షక దళంలో ఆమె శిష్యురాళ్లున్నారు. మన దేశానికి వస్తే, 1929లో రవీంద్రనాథ్ ఠాగూర్ జపాను నుంచి తకగాకి అనే జూడో గురువుని శాంతినికేతన్‌కి రప్పించారు. అమ్మాయిలూ నేర్చుకున్నారు. మన పల్లెల్లో కర్రసాము, గరిడీ, కుస్తీ ఎప్పట్నుంచో ఉన్నా తాలింఖానా గడప దాటి ఆడపిల్లని లోపలికి రానిచ్చింది తక్కువ.

2012 డిసెంబరు ఢిల్లీ ఘటన, 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య, 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్య విద్యార్థిని హత్య... ఇలాంటిది జరిగిన ప్రతిసారీ ఆత్మరక్షణ శిక్షణ మాట పైకొస్తుంది. తెలంగాణలో 2014లో షీ టీములు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దిశ యాప్ వచ్చింది, 2025లో శక్తి యాప్ వచ్చింది. గ్రామ సచివాలయాల్లో 2019లో మహిళా సంరక్షణ కార్యదర్శుల్ని నియమించి, 2021లో వాళ్లనే మహిళా పోలీసులన్నారు. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకి మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పే పథకం ఉంది. బడి పిల్లలకి ఉన్న ఈ ఏర్పాటు, ఆ బడికి ఒంటరిగా బస్సు దిగి నడిచొచ్చే టీచరమ్మకి లేదు!

అసలు ఈ శిక్షణతో లాభముందా? ఉందని గట్టిగా చెప్పే పరిశోధన ఒకటుంది. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులతో చేశారు. సగం మందికి మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు చెప్పారు. ఏడాది తర్వాత చూస్తే శిక్షణ పొందినవారిలో అత్యాచారానికి గురైనవాళ్లు 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం. 2015లో ప్రచురించారు. గమనించాల్సిందేమంటే ఆ 12 గంటల్లో పట్లూ దెబ్బలూ ఒక భాగమే. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, మొహమాటం వదిలి గట్టిగా 'వద్దు' అనడం మిగతాదంతా. మన ఆడపిల్లలకి రెండోదే ఎక్కువ కష్టం. పెద్దవాళ్ల ముందు గొంతు పెంచొద్దనే కదా చిన్నప్పట్నుంచీ నేర్పేది. 'చెయ్యి తియ్యి!' అని పొట్టలోంచి అరవడం శిక్షణలో మొదటి గంట చాలామందికి రాదు. నవ్వొచ్చేస్తుంది.

ఇంకో చేదు నిజం ఉంది. నేర్చుకుని వదిలేస్తే మరిచిపోతారు. అందుకే పదిహేను రకాల పట్లు నేర్పే శిబిరం కంటే మూడు పట్లు మూడు నెలలకోసారి మళ్లీ చేయించే శిబిరం నయం.

చట్టం ఏమంటుంది?

'నేను విదిలిస్తే అతను పడి తల పగిలితే నా మీదే కేసు పెడతారేమో!' ఉద్యోగుల్లో ఈ భయం ఉంటుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. మన ఒంటినీ, పక్కవారి ఒంటినీ కాపాడుకునే హక్కు అందరికీ ఉంది. మతి స్థిమితం లేనివాడు దాడి చేసినా ఆ హక్కు పోదు. హద్దు ఒక్కటే. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. విడిపించుకున్నాక తిరిగొచ్చి కొడితే అది ఆత్మరక్షణ కాదు. రోగి స్పృహలో లేనప్పుడు అతని మేలు కోసం మంచి మనసుతో చేసిన పనికి 30వ సెక్షను రక్షణ ఇస్తుంది. అయితే ఎందుకు పట్టుకున్నారో, ఎంతసేపో, ఎవరెవరు ఉన్నారో అప్పుడే కేసు షీటులో రాసి ఉండాలి. రాయని పట్టుని తర్వాత ఎవరూ నమ్మరు.

వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం వచ్చింది. అయినా 2020 జూన్‌లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్లు తమ మీద దాడి జరిగిందని రోడ్డెక్కాల్సి వచ్చింది. చట్టం దాడి అయ్యాక పనిచేస్తుంది. 2023 మే 10 తెల్లవారుజామున కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆసుపత్రికి పోలీసులు ఒక గాయపడిన మనిషిని తీసుకొచ్చారు. నిందితుడిగా కాదు, వైద్యం కోసమే తెచ్చారు కాబట్టి చేతులు కట్టలేదు. కట్టు కడుతుండగా అతను అక్కడున్న కత్తెర అందుకున్నాడు. 23 ఏళ్ల డాక్టరు వందనా దాస్ ప్రాణం పోయింది. రెండు వారాలు తిరక్కుండా కేరళ ప్రభుత్వం ఏడేళ్ల వరకు జైలు పడేలా ఆర్డినెన్సు తెచ్చింది. కానీ ఆ రాత్రి అవసరమైంది చాలా చిన్నది. గాయం కట్టే గదిలో పదునైన పరికరాల ట్రే రోగి చేతికి అందని చోట ఉండాలి. అస్థిమితంగా ఉన్న మనిషికి అటూ ఇటూ ఇద్దరు నిలబడాలి.

మరి రాత్రిపూట ఐదుగురిని ఎక్కడి నుంచి తేవాలి? మండల కేంద్రం ఆసుపత్రిలో ఈ ప్రశ్నే అన్నిటికంటే పెద్దది. ఉన్నది నర్సు, అటెండరు. అంబులెన్సు వచ్చి ఉంటే అందులో టెక్నీషియన్, పైలట్. ఐదో మనిషి బంధువుల్లోంచే రావాలి. అంబులెన్సు ఇంకా దారిలోనే ఉంటే ముగ్గురు రావాలి. కాబట్టి నేర్చుకోవాల్సింది పట్టొక్కటే కాదు, పట్టించడం కూడా. గుంపులో ఏడవకుండా నిలబడ్డ మనిషిని వెతకాలి. 'పట్టుకోండి' అని అందరినీ అనకూడదు, అంటే అందరూ మీద పడతారు. ఒక్కొక్కరి కళ్లలోకి చూసి పని ఒప్పజెప్పాలి. 'అన్నా, నువ్వు కుడికాలు. మోకాలికి పైన రెండు చేతులూ వెయ్యి, బరువు వెయ్యొద్దు. తమ్ముడూ, నీది ఎడమ చెయ్యి. అక్కా, నువ్వు తల దగ్గర కూర్చుని నీ మొగునితో మాట్లాడతా ఉండు, ఊపిరి తీస్తాండాడో లేదో నాకు చెప్తా ఉండు.' ఏడుస్తున్న ఇల్లాలికి ఆ క్షణం ఒక పని దొరుకుతుంది. ఛాతీ మీద మోకాలు పెట్టబోయిన బావమరిదికి తన చోటెక్కడో తెలుస్తుంది. సూది నరంలోకి దిగుతుంది.